యద్దనపూడి సులోచనారాణి నవలలు – ఒక పరిశీలన

ఒక రచన విలువను నిర్ణయించేది పండితుల మెప్పా, పాఠకుల ఆదరణా అన్న ప్రశ్న ప్రతి సాహిత్యంలోనూ ఉన్నదే. ఉర్దూలో ఉన్నత సాహిత్యాన్ని ‘అదబె ఆలియా’ అనీ, జనరంజకమైన దానిని ‘అవామీ అదబ్’ అనీ వేరుచేసి చెబుతారు. గుల్షన్ నందా నవలలను ఉర్దూ, హిందీ పాఠకులు విరివిగా చదివారు. ‘ఖిలోనా’, ‘కటీ పతంగ్’ చిత్రాలకు మూలం ఆయన రచనలే. అయినా విమర్శకులు ఆయనను ఉన్నత శ్రేణిలో చేర్చలేదు. తెలుగులో దాదాపు ఇట్టి స్థితియే యద్దనపూడి సులోచనారాణిగారిది.

ఆమె 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో జన్మించారు. వివాహానంతరం హైదరాబాదులో స్థిరపడ్డారు. 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికంగా వెలువడిన ‘సెక్రటరీ’ ఆమెను ఇంటింటికీ పరిచయం చేసింది. ‘విజేత’, ‘ఆరాధన’, ‘జీవన తరంగాలు’, ‘మీనా’ మొదలైన నవలలు ఆ కీర్తిని స్థిరపరచాయి. వీటిలో పెక్కు చలనచిత్రాలయ్యాయి. ‘జీవన తరంగాలు’, ‘మీనా’ రెండూ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో వెండితెరకెక్కాయి. 2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆమె కన్నుమూశారు.

ఈ ఆదరణకు కాలం కూడ తోడ్పడింది. స్త్రీవిద్య వ్యాపించి, చదువుకున్న గృహిణులూ, కళాశాల విద్యార్థినులూ ఒక పెద్ద పాఠకవర్గంగా ఏర్పడిన దినాలవి. వారపత్రికలలో తరువాయి భాగం కొరకు ఇల్లిల్లూ ఎదురుచూచేది. కొనలేనివారికి అద్దె పుస్తకాల దుకాణాలుండేవి. కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ ప్రభృతులు విరివిగా వ్రాస్తున్న కాలమది. రచయిత్రుల పేరుకు ఎంత విలువ వచ్చిందంటే, కొందరు పురుషులు స్త్రీల పేర్లతో వ్రాయసాగారు.

సులోచనారాణి నవలలపై ప్రధానమైన ఆక్షేపణ ఒకటున్నది. అందగాడు, ఐశ్వర్యవంతుడు అయిన నాయకుడు, ఖరీదైన కారు, విశాలమైన భవనం పాఠకురాలిని పగటికలలలో ముంచివేస్తాయని అంటారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. ‘సెక్రటరీ’లో రాజశేఖరం ఇట్టి నాయకుడే. కాని జయంతిని గమనించండి. ఆమె మధ్యతరగతి యువతి. ఉద్యోగం చేసి బ్రతకవలసినది. రాజశేఖరం సంపద ఆమెను లొంగదీయలేదు. ఆత్మగౌరవానికి భంగం కలుగుతుందన్న శంకయే ఆ కథను ముందుకు నడిపిస్తుంది. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉద్యోగానికి వెళ్ళే యువతిని నేడు ఎవరూ వింతగా చూడరు. ఆ రోజులలో మాత్రం ఉద్యోగినిని కథానాయికగా నిలిపి, ఆమె అభిమానాన్ని లక్షణంగా చిత్రించడం సామాన్య విషయం కాదు.

‘మీనా’లో పరిస్థితి తలక్రిందులైనది. ఇక్కడ కలిమి కథానాయిక పక్షాన ఉన్నది. తల్లి ఆధిపత్యంలో పెరిగిన మీనా పల్లెటూరికి వెళ్ళి, అక్కడి ఆప్యాయతను చవిచూచి, వ్యవసాయం చేసుకొనే బావను కోరుకుంటుంది. కావున ధనవంతుడైన భర్తయే స్త్రీకి తరణోపాయమని రచయిత్రి ఎల్లవేళలా బోధించారనుట సరికాదు. అయితే రెండు నవలలలోనూ కథానాయిక స్వాతంత్ర్యం చివరకు వివాహంలోనే పర్యవసిస్తుంది. ఉద్యోగం, ఆస్తి, కుటుంబంలో అధికారం వంటి ప్రశ్నలు ఆ శుభాంతంలో మరుగునపడిపోతాయి. ఆమె రచనలకు గల పరిమితి ఇదే.

ఈ నవలలను పాఠ్యపుస్తకం చాటున దాచి చదువవలసిన పనిలేదు. చదివిన పిమ్మట విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. కథానాయిక దేనిని నిరాకరించింది? దేనికి తలవంచింది? వివాహమైన మరునాడు ఆమె ఉద్యోగం ఏమైంది? ఈ ప్రశ్నలతో చదివినపుడు జనరంజకమైన నవల కూడ ఒక తరం స్త్రీల ఆశలనూ, వారి ఎదుట నిలిచిన హద్దులనూ తెలిపే పాఠమవుతుంది.