జాంగోలో తెలుగు లింక్ పెడితే 404 వస్తోందా? ఇలా సరిచేయండి

పైథాన్ జాంగోతో సైట్ చేస్తున్నారా? ఇంగ్లీష్ పేర్లతో బాగానే పనిచేసిన లింకులు, తెలుగు పేరు పెట్టగానే 404 ఎర్రర్ ఇస్తున్నాయా? కారణం ఏంటో ఒక ఉదాహరణతో చూద్దాం.

పల్నాడులో నాగులేరు ఒడ్డున ఉన్న కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో 5 రోజుల వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో పేజీతో సైట్ చేస్తున్నాం అనుకుందాం.

1. స్లగ్ ఖాళీగా వస్తుంది

జాంగోలోని స్లగిఫై ఫంక్షన్ మామూలుగా ఇంగ్లీష్ అక్షరాలనే ఉంచుతుంది. "కోడిపోరు" ఇస్తే ఏమీ మిగలదు. ఆ ఖాళీ స్లగ్‌తో టెంప్లేట్‌లో లింక్ తయారు చేయబోతే "నో రివర్స్ మ్యాచ్" ఎర్రర్ వస్తుంది.

2. గుణింతాలు ఎగిరిపోతాయి

"అలో యూనికోడ్" ఆన్ చేస్తే చాలని చాలామంది అనుకుంటారు. అప్పుడు "కోడిపోరు" కాస్తా "కడపర" అవుతుంది! పైథాన్ గుణింతం గుర్తుల్ని, సున్నాని, పొల్లుని అక్షరాల కింద లెక్కేయదు, అందుకే స్లగిఫై వాటిని తీసేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాట, పేట, పోటు మూడూ "పట" అయిపోతాయి. అంటే మూడు పేజీలకు ఒకటే అడ్రస్.

3. రూట్ ఒప్పుకోదు

పాత్‌లో స్లగ్ కన్వర్టర్ వాడితే అది ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే తీసుకుంటుంది. డేటాబేస్‌లో తెలుగు పేరు సరిగ్గా ఉన్నా 404 తప్పదు.

పరిష్కారం ఏంటి?

- లింక్ తెలుగులోనే కావాలంటే స్ట్రింగ్ కన్వర్టర్ వాడండి. స్లగిఫై వదిలేసి, ఖాళీల చోట హైఫన్ పెట్టే చిన్న ఫంక్షన్ మీరే రాయండి. మోడల్‌లో స్లగ్ ఫీల్డ్ బదులు క్యార్ ఫీల్డ్ పెట్టండి.
- స్ట్రింగ్ కన్వర్టర్ స్లాష్ తప్ప ఏదైనా పట్టేస్తుంది. జాంగో పైనుంచి కిందికి చూసి, మొదట కలిసిన రూట్ దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఈ లైన్‌ని లిస్టులో చివర పెట్టండి.
- ఇప్పటికే సేవ్ అయిన "కడపర" లాంటి స్లగ్‌లు వాటంతటవే మారవు. వాటిని సరిచేసి, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ ఇవ్వండి.

ఒక్క మాట. తెలుగు లింక్ కాపీ చేస్తే శాతం గుర్తులతో సాగిపోతుంది. "కోడిపోరు" ఒక్కటే 72 క్యారెక్టర్లు అవుతుంది. వాట్సాప్‌లో పంపడానికే అయితే ఆ పేరును ఇంగ్లీష్ అక్షరాల్లో మీరే టైప్ చేసి స్లగ్‌గా పెట్టడం మేలు. అప్పుడు స్లగ్ కన్వర్టర్ కూడా సరిపోతుంది.

ఎర్రర్ వెతికేటప్పుడు మీ కంప్యూటర్‌లో డీబగ్ ఆన్ చేయండి. జాంగో ఏయే రూట్లు ప్రయత్నించిందో 404 పేజీలోనే చూపిస్తుంది. లైవ్ సైట్‌లో మాత్రం డీబగ్ ఆఫ్‌లోనే ఉండాలి. ఐదు లింకులూ ఉత్సవానికి ముందే ఫోన్‌లో నొక్కి చూసుకోండి. కోడిపోరు రోజున 404 వస్తే, సరిచేసేలోపు ఆ రోజు కాస్తా అయిపోతుంది!