మూలికలును మన ధర్మమును

బెంగళూరునకు దక్షిణమున, బన్నేరుఘట్ట అడవికి దాపున, ఆనేకల్లు తాలూకాలో జిగణి కలదు. ఇప్పుడచట కర్మాగారములు విస్తరించినవి. అయినను మిగిలిన చేలగట్లపై తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి, కంచెలమీద తిప్పతీగ కనిపించును. వీని గుణములు బడిలో నేర్చినవి కావు. అత్తనుండి కోడలికి, అవ్వనుండి మనుమరాలికి వచ్చినవి.

ఈ విద్యతో జైనులకు గల సంబంధము ప్రాచీనమైనది. సుమారు 9వ శతాబ్దమున ఉగ్రాదిత్యాచార్యుడను ముని 'కల్యాణకారక'మను వైద్యగ్రంథమును సంస్కృతమున రచించెను. ఆయన పేర్కొన్న రామగిరి నేటి విజయనగరము జిల్లాలోని రామతీర్థమేయని పలువురు పండితుల అభిప్రాయము. అచటి కొండపై జైన శిథిలములు నేటికిని గలవు. మద్యము, మాంసము, తేనె లేకయే చికిత్స చేయవచ్చునని ఆ గ్రంథము చూపినది. అది 1940లో షోలాపురమున అచ్చయినది.

అయితే తేనెను మానినంతనే మందు అహింసామయమగునా? మొక్కయు ఏకేంద్రియ జీవియే గదా! జంబూవృక్షపు దృష్టాంతము మనమందరము చిన్ననాడు విన్నదే. పండ్లకై వచ్చిన ఆరుగురిలో ఒకడు చెట్టును మొదలంట నరుకుదమనెను. ఒకడు మాను, ఒకడు కొమ్మ, ఒకడు రెమ్మ, ఒకడు పండ్లు చాలుననెను. చివరివాడు రాలినవి ఏరుకొందమనెను. మూలికకై పోవువాడును వీరిలో ఒకడే.

ఆకు కోసిన మొక్క మరల చిగుర్చును. చుట్టును పట్ట ఒలిచిన చెట్టు ఎండును. వేరు తవ్విన మొక్కయే పోవును. సర్పగంధి వేరునుండి 1952లో రిసర్పిన్ అను రక్తపుపోటు మందు వేరుచేయబడినది. గిరాకి పెరిగి అడవులలో ఆ మొక్క అరుదయ్యెను. 1990లో దానిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేర్చిరి. 1993లో బెంగళూరున వెలసిన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థ, అటవీశాఖలతో కలిసి, మూలికలను అవి పుట్టినచోటనే కాపాడు పని చేపట్టినది.

పల్లె వైద్యుడు పిడికెడు కోయును. బస్తాలకు ధర కట్టువాడు వర్తకుడు. కనుక ఈ పాఠము ముఖ్యముగా మనకే. అశోకపట్ట పేరిట నరమామిడి పట్ట అమ్ముడగుచున్నదని పరిశోధకులు గుర్తించినారు. అట్టి సరకు రోగిని మోసగించును; చెట్టుకును వృథా హింసయే. సరకు ఎచటిది, సాగుచేసినదా, అడవిలో తవ్వినదా యని అడిగియే కొనవలెను. ఇంట వాడుకకు పెరటిలోనే పెంచుకొనవలెను. గుర్తు తెలియని మూలికను వైద్యునడుగక సేవింపరాదు.