నోటి, గొంతు క్యాన్సరు: మెడలోని బిళ్ళలను ఏల తీయుదురు?

"పుండు నాలుకమీద ఉండగా మెడను కోయుట ఎందుకు?" అని రోగి బంధువులు తరచు అడుగుచుందురు. అట్టి కుటుంబము సలహాకై మొదట పంచాయతీ సభ్యునొద్దకే రావచ్చును. కావున ఈ సంగతి సభ్యులు తెలిసికొనదగినది.

కాలికి పుండు పడినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట అందరును ఎరిగినదే. ఆ బిళ్ళలే శోషరస గ్రంథులు. శరీరములోని ద్రవమును వడగట్టి, సూక్ష్మక్రిములను పట్టియుంచుట వాని పని. మెడలో ఇవి వందల సంఖ్యలో కలవు. నోటినుండి, గొంతునుండి వెడలిన క్యాన్సరు కణములు సాధారణముగా మొదట చిక్కుకొనునది వీనిలోనే. చిక్కినవి కొద్దిపాటివైనచో బిళ్ళ ఉబ్బదు, వైద్యుని వ్రేళ్ళకు తగులదు, స్కానింగులోను కనబడకపోవచ్చును.

అట్లైన, బిళ్ళ తేలువరకు వేచియుండరాదా? దీనికి ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2015లో సమాధానము ప్రకటించిరి. తొలిదశ నోటి క్యాన్సరు కలిగి, మెడలో బిళ్ళ తగులని 500 మంది ఫలితములను వారు పోల్చిరి. పుండుతోపాటే మెడ గ్రంథులను తీసినవారు మూడేండ్లకు నూటికి 80 వంతున జీవించియుండగా, బిళ్ళ కనబడిన పిమ్మట తీయుటకు ఆగినవారు 67.5 వంతున మాత్రమే జీవించియుండిరి. మెడ కోతవలన భుజము బరువెక్కి చేయి పైకెత్తుట కష్టము కావచ్చును. వ్యాయామముతో అది చాలవరకు సర్దుకొనును. ప్రాణముతో తూచిన ఇది చిన్న నష్టమే.

అందరికిని మెడ కోయుదురని కాదు. గొంతులోని స్వరతంత్రులకు శోషరస నాళములు బహు తక్కువ. అచ్చట పుట్టిన క్యాన్సరు తొలిదశలో మెడకు ప్రాకుట అరుదు. వానికి పైభాగమున పుట్టినదో, చిన్నదైనను, మెడకు రెండు ప్రక్కలను ప్రాకవచ్చును. పొరుగువానికి జరిగిన చికిత్సనే మనవానికిని చేయవలెననుట అందుచే తగదు.

తీసిన గ్రంథులను ప్రయోగశాలలో కోసి సూక్ష్మదర్శినితో చూతురు. ఎన్నింటిని చూచిరి, ఎన్నింట వ్యాధి ఉన్నది, అది గ్రంథి పొరను చీల్చుకొని వెలికి వచ్చినదా అని నివేదికలో వ్రాయుదురు. ఒక్క గ్రంథిలో వ్యాధి కనబడినను, మొదటి దశ అనుకొన్న నోటి క్యాన్సరు మూడవ దశగా లెక్కకు వచ్చును. పొర దాటినచో నాలుగవది. శస్త్రచికిత్సవలన వ్యాధి ముదిరినదని దీని అర్థము కాదు, దాగియున్నది బయటపడినది.

అప్పుడు రేడియేషను, పొర దాటినచో దానితో మందులు కూడ అవసరము కావచ్చును. రేడియేషను శస్త్రచికిత్స జరిగిన ఆరు వారములలో మొదలగుట మేలు. గాయము మానినది గదా, నాట్లు ముగిసిన పిమ్మట పోవుదుమని ఆగువారు కలరు. నివేదిక వచ్చినదా, తిరిగి ఏ తేదీన రమ్మనిరి అని సభ్యులు ఆ యింటివారిని అడిగి, ప్రయాణమునకు తోడు ఏర్పరచవలెను.