బనియన్ తీయలేకపోతున్నాను

సమస్య

అక్కా, మాది చింతూరు దగ్గర గూడెం. వయసు 19. రెండేళ్లుగా టౌన్‌లో గది తీసుకుని వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటున్నాను. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆశ. స్నాచ్ 90 కిలోల దగ్గర ఆగిపోతే కోచ్ సారు ‘కోర్సు’ మొదలుపెట్టించారు. వారానికి రెండు టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు. ప్రొటీన్ పౌడరుకని చెబితే నాన్న రెండు మేకలమ్మి డబ్బు పంపాడు. మూడు నెలల్లో 102 ఎత్తాను. కానీ రొమ్ములో గడ్డలా వచ్చింది, ముట్టుకుంటే నొప్పి. భూమి పండక్కి ఇంటికెళ్తే శబరిలో మునిగినప్పుడు కూడా బనియన్ తీయలేదు. చిన్న మాటకే తమ్ముణ్ణి కొట్టాను. వచ్చే నెల పోటీకి ముందు ఇంకో ఇంజక్షన్ ఉందంటున్నారు. సీసా మీద మెఫెన్‌టెర్మిన్ అని ఉంది. ఇవన్నీ ఆపేస్తే బలం పోతుందా?

సలహా

తమ్ముడూ, ముందు ఆ సీసా సంగతి. అది ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చినప్పుడు బీపీ పడిపోయినవాళ్లకి ఇచ్చే మందు. బీపీ బాగానే ఉన్న నీకిస్తే గుండె దడదడలాడుతుంది, అలసట తెలియక ఆగాల్సినచోట ఆగవు. హైదరాబాద్‌లో జిమ్ కుర్రాళ్లకి దీన్ని అమ్ముతూ పోలీసులకి చిక్కినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఎవరు చెప్పినా వేయించుకోకు.

ఇక గడ్డ. బయటినుంచి వచ్చిపడ్డ మగ హార్మోన్‌లో కొంత ఒంట్లో ఆడ హార్మోన్‌గా మారుతుంది. రొమ్ము ఉబ్బేది అందుకే. సిగ్గుపడి దాచావా, గట్టిపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. పైగా సరుకు బయటినుంచే వస్తోంది కదా అని మెదడు వృషణాలకి పని చెప్పడం మానేస్తుంది. ఆపాక అవి గాడిన పడటానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో 102 జారుతుంది, నీతో అబద్ధమెందుకు? మనసూ బాగుండదు. గదిలో ఒక్కడివే ఉండకు, ఇంటికి వెళ్లిపో. చింతూరు ప్రభుత్వాసుపత్రిలో ఏమేం వాడావో పేర్లతో సహా చెప్పి బీపీ, కాలేయం, రక్తం చూపించుకో. హార్మోన్ల డాక్టరు దగ్గరికి విశాఖ కేజీహెచ్‌కి రాయమని అడుగు. సిరంజి ఎవరితోనైనా పంచుకుని ఉంటే హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా.

పోటీ మానుకో. పరీక్షలో టెస్టోస్టిరాన్ లాంటి స్టెరాయిడ్ దొరికితే మామూలుగా నాలుగేళ్ల నిషేధం. కోచ్ ఇచ్చాడంటే వినరు, నీ ఒంట్లో దొరికిందానికి నువ్వే జవాబుదారీ. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన లిఫ్టర్లు ఇద్దరు గెలిచిన పతకాలు డోపింగ్‌లో దొరికే పోయాయి. కోచ్ గురించి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకి చెప్పొచ్చు. అలా సాయపడినవాళ్లకి శిక్ష తగ్గించే వీలుంది. నాకైతే అతని మీదే కోపం. 90 దగ్గర ఆగిన కుర్రాడి తిండి, నిద్ర, పట్టు చూడాల్సినవాడు సిరంజి తీశాడు.

నాన్నకి నువ్వే చెప్పు, తమ్ముడు కూడా ఉన్నప్పుడు. మేకల లెక్క తర్వాత చూసుకోవచ్చు.