సెల్‌ఫోనులో మన ముఖము, పొరుగువారి మర్యాద

నౌపడ ఉప్పు మడులను ఎరుగని వారు ఈ జిల్లాలో అరుదు. మడిలోని నీరు ఎండకు ఆవిరియై పోవును. ఉప్పు మాత్రము నిలిచిపోవును. వాట్సాపులోను, ఫేస్‌బుక్‌లోను మనము పెట్టు మాటలకును, ఫొటోలకును గతి ఇట్టిదే. పెట్టినవారు కొంతసేపటికి తుడిచివేసినను, ఆలోగా తమ ఫోనులలో దాచుకొన్నవారి యొద్ద అవి నిలిచియే యుండును. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని తక్కినవారికంటె ముందుగా గ్రహింపవలసియున్నది. ఏలయన గ్రామస్థుల ఇంటి విషయములు వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియవు.

ఎన్నికైన సభ్యుడు తాను చేసిన పని ప్రజలకు తెలియవలెనని కోరుట తప్పు కాదు. కాలువ పూడిక తీయించినప్పుడు, వీధిదీపము వేయించినప్పుడు ఫొటో తీసి గ్రామ వాట్సాపు గ్రూపులో నిరభ్యంతరముగా పెట్టవచ్చును. కాని పింఛను అందుకొను ముదుసలి ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొన్నప్పుడు ఆ చిత్రములో ఇరువురుందురు. ఒకరు పేరు కోరినవారు. రెండవవారు, పాపము, కాదనలేక నిలిచినవారు.

నౌపడకు దాపుననున్న ఉద్దానమున ఈ విషయము మరింత సున్నితమైనది. మూత్రపిండముల వ్యాధి అక్కడ ఎన్నో కుటుంబములను పీడించుచున్నది. డయాలిసిస్ రోగులకు ప్రభుత్వము ప్రత్యేకముగా పింఛను ఇచ్చుచున్నది. ఆ పింఛను తీసికొనుచున్న ఫొటో గ్రూపుకెక్కినచో, వ్యాధి పేరు వ్రాయకున్నను వ్రాసినట్లే. ఆ ఇంట పెండ్లి కావలసిన పిల్ల యున్నచో, సంబంధము మాట్లాడ వచ్చువారి చెవికి ముందుగా చేరునది ఆ వార్తయే. మేలు చేయబోయిన సభ్యుడే ఆ ఇంటికి కీడు తెచ్చినవాడగును. “అడిగితిని, సరే యన్నది” అని కొందరు చెప్పుదురు. పింఛను చేతబడక మునుపు అడిగినచో కాదనువారెవరు? పైకము ముట్టిన పిమ్మట, నలుగురి యెదుట కాక విడిగా అడిగి పొందిన సమ్మతియే సమ్మతి.

ఇది కేవలము మర్యాదకు సంబంధించినది కాదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కు అని ఆ తీర్పు. ఆ హక్కు బీదవారికిని గలదు.

ఇచట సభ్యులకు ఒక సందేహము కలుగును. లబ్ధిదారుల జాబితా బహిరంగముగా నుండవలెను గదా? నిజమే. సబ్సిడీ పథకములలో ఎవరికి ఎంత చెందినదో ప్రజలకు తెలియవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము చెప్పుచున్నది. జాబితాను దాచినచో అక్రమములకు తావిచ్చినట్లగును. కాని పేరు, మంజూరైన మొత్తము ఒక సంగతి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నెంబరు వేరొక సంగతి. ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించుటను 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించినది. అయినను 2018 ఏప్రిలులో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు మించిన లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు అందరికిని కనబడుచున్నట్లు బయటపడినది; పిదప వానిని తొలగించిరి. పెద్ద కార్యాలయములోనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, కాగితమును ఫోనుతో ఫొటో తీసి గ్రూపునకు పంపు మన అలవాటును గూర్చి చెప్పనేల? ఆధార్ నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు నకలును పొందు సౌకర్యము కలదు. పని జరుగు చోటులందు దానిని వాడుట క్షేమము.

ఇక సభ్యుల స్వంత ఖాతాల మాట. సర్పంచి ఫొటోను, పేరును పెట్టి మోసగాడు వేరొక ఖాతా తెరచి, “ఆసుపత్రిలో ఉన్నాను, డబ్బు పంపుము” అని హైదరాబాదులోను, చెన్నైలోను కూలికి పోయియున్న మన యువకులకు వ్రాయగలడు. వారు ఊరి పెద్దను నమ్మి పంపుదురు. కావున స్నేహితుల పట్టిక అపరిచితులకు కనబడకుండ ఫేస్‌బుక్‌లో అమర్చుకొనవలెను. వాట్సాపులో ఆరంకెల రహస్య సంఖ్యను పెట్టుకొన్నచో ఖాతా సులభముగా పరులపాలు కాదు. దొంగ ఖాతా కనబడిన వెంటనే ఫేస్‌బుక్‌కు ఫిర్యాదు చేయవలెను. డబ్బు పోయినచో జాగు చేయక 1930 నెంబరుకు ఫోను చేయవలెను. అదే రోజున గ్రామములో దండోరా వేయించుటయు మంచిది. ఫోను లేని తల్లిదండ్రులు దూరముననున్న కుమారులకు ఎవరిచేతనైన కబురు పంపించుకొందురు.