పశువైద్య కళాశాల భవనాలలో విద్యుత్ వినియోగ అంచనా: గరివిడి వంటి ప్రాంగణాలకు ఒక పద్ధతి

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ పరిధిలోని గరివిడి కళాశాల వంటి ప్రాంగణంలో తరగతి గదులు, వసతి గృహాలతో పాటు ప్రయోగశాలలూ ఉంటాయి. 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన టీకాల శీతల పెట్టెలు పగలూ రాత్రీ పనిచేయాలి. కాబట్టి "వినియోగం పది శాతం తగ్గించండి" అనే ఏకరూప ఆదేశం ఇక్కడ పొసగదు. ముందుగా స్థిర వినియోగాన్నీ, వాతావరణాన్ని బట్టి మారే వినియోగాన్నీ వేరుచేయాలి.

ఇందుకు శీతలీకరణ డిగ్రీ-దినాలు ఉపకరిస్తాయి. రోజు సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు మించినంత మేరను నెలంతా కూడితే ఆ సంఖ్య వస్తుంది. బిల్లులలోని యూనిట్లను దానికెదురుగా గుర్తించి రిగ్రెషన్ రేఖ గీస్తే, డిగ్రీ-దినాలు సున్నా అయిన చోట రేఖ చూపే విలువ స్థిర వినియోగం. రేఖ వాలు వాతావరణ ప్రభావం. బోధన కోసం ఒక ఊహాజనిత ఉదాహరణ: స్థిర వినియోగం 9,000 యూనిట్లు, డిగ్రీ-దినానికి 20 యూనిట్లు అనుకుందాం. సగటు 30 డిగ్రీలున్న 30 రోజుల నెలలో 180 డిగ్రీ-దినాలు. మొత్తం 12,600 యూనిట్లు. ఇందులో పది శాతం, అనగా 1,260 యూనిట్లు, ఏసీల నుండే రావాలంటే వాటి వాడకంలో 35 శాతం కోత పడుతుంది. డిగ్రీ-దినాలు దాదాపు లేని శీతకాలపు నెలలో అయితే ఆ భారమంతా స్థిర వినియోగం మీదనే, అందులోని టీకాల పెట్టెల మీద కూడా, పడే ప్రమాదముంది. అక్కడ తగ్గించవలసినవి దీపాలు, పంకాలు: సుమారు 75 వాట్ల పాత పంకా స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ పంకా చాలు. వేసవి వాలును తగ్గించేది పైకప్పు మీద తెల్లపూత, కిటికీలకు నీడ.

లెక్కల శుద్ధి మరింత కష్టమైన పని. మీటరు రీడింగు తేదీలు నెలాఖరుతో కలవవు. డిగ్రీ-దినాలను కూడా ఆ తేదీల మధ్యనే కూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత ఉత్తరాంధ్రలో సరఫరా దెబ్బతిన్నది. ఆ నెల తక్కువ యూనిట్లను పొదుపుగా భావించరాదు. 2020 లాక్‌డౌన్ నెలలూ అటువంటివే. తీరప్రాంతపు ఉక్కపోత కేవలం ఉష్ణోగ్రతలో కనబడదు గనుక తేమను రెండవ చలరాశిగా చేర్చడం మేలు.

కేంద్ర ఇంధన పొదుపు భవన నియమావళి సాధారణంగా 100 కిలోవాట్ల అనుసంధిత భారం లేదా 120 కేవీఏ ఒప్పంద డిమాండు దాటిన వాణిజ్య భవనాలను దృష్టిలో ఉంచుకున్నది. గ్రామీణ పశువైద్యశాలలు అనేకం ఈ పరిమితికి చాలా దిగువన ఉంటాయి. వాటికి లక్ష్యాలు నిర్ణయించేటప్పుడు మొత్తం యూనిట్లకు బదులు రేఖ వాలును ప్రమాణంగా తీసుకొని, శీతల పెట్టెలకు విడి మీటరు అమర్చడం ఉచితం.