సమయోచిత నిర్ణయం

ఉత్తర సముద్రంలో చమురు వెలికితీసే కార్మికులకు హెలికాప్టరు ముఖ్యమైన ప్రయాణ సాధనం. 2012 మే 10న స్కాట్లండులోని అబర్డీన్ నుంచి ఈసీ 225 రకం హెలికాప్టరు ఒకటి చమురు బావుల వైపు బయలుదేరింది. అందులో ఇద్దరు పైలట్లు, 12 మంది ప్రయాణికులు ఉన్నారు. తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, గేరుబాక్సులో నూనె పీడనం పడిపోయినట్లు హెచ్చరిక దీపం వెలిగింది.

ఆ హెచ్చరిక తీవ్రత అర్థం కావాలంటే యంత్ర నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. ఇంజను నిమిషానికి దాదాపు 23,000 సార్లు తిరుగుతుంది. పైనున్న పెద్ద రెక్కలు తిరగవలసింది సుమారు 265 సార్లే. ఆ వేగాన్ని తగ్గించి, శక్తిని రెక్కలకు అందించేది గేరుబాక్సు. దాని పళ్ళచక్రాలపై నూనె నిరంతరం ప్రవహించాలి. ఇంజన్లు ఆగిపోయినా, కిందికి దిగుతున్నప్పుడు ఎదురయ్యే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి; నేర్పుగల పైలట్ దానిని క్షేమంగా దించగలడు. గేరుబాక్సు బిగుసుకుపోతే మాత్రం రెక్కలే నిలిచిపోతాయి. అప్పుడు ఎంతటి నేర్పూ అక్కరకు రాదు.

ఇటువంటి ఆపద కోసమే గేరుబాక్సును అరగంటపాటు చల్లబరచే అత్యవసర వ్యవస్థ ఉంది. పైలట్లు దానిని ప్రారంభించారు. తీరం పావుగంట ప్రయాణ దూరంలోనే ఉంది. కాని ఆ వ్యవస్థ కూడా విఫలమైనట్లు మరొక దీపం వెలిగింది. అటువంటప్పుడు తక్షణమే దిగాలన్నది నియమం. పైలట్లు కాలయాపన చేయక, యంత్రం తమ అదుపులో ఉండగానే సముద్రంపై దించారు. గాలి నిండిన తిత్తులు హెలికాప్టరును నీటిపై తేల్చాయి. 14 మందీ తెప్పలోకి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 22న షెట్లండ్ దీవుల సమీపంలో అదే రకం హెలికాప్టరుకు అదే లోపం ఎదురైంది. అందులోని 19 మందీ క్షేమంగా బయటపడ్డారు.

దర్యాప్తులో రెండు విషయాలు తేలాయి. గేరుబాక్సులోని ఒక ఇరుసు పగిలి నూనె పంపులు ఆగిపోయాయి. ఆ పగులుకు మూలం అతి చిన్న తుప్పు గుంట. రెండవది ఆశ్చర్యకరమైనది. అత్యవసర వ్యవస్థ నిజానికి పనిచేస్తూనే ఉంది. అది విఫలమైందన్న హెచ్చరికే తప్పు!

అయితే పైలట్ల నిర్ణయం తప్పా? కాదు. 2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్లాండ్ సమీపంలో మరొక రకం హెలికాప్టరు గేరుబాక్సులోని నూనె కారిపోయింది. అది తీరం వైపు మళ్ళింది. సుమారు 11 నిమిషాల తరువాత అదుపు తప్పి సముద్రంలో కూలిపోయింది. 18 మందిలో ఒక్కరే మిగిలారు.

నిర్ణయం మంచిదో కాదో తరువాత వెల్లడైన నిజాన్ని బట్టి కాక, ఆ క్షణాన తెలిసిన దానిని బట్టి నిర్ణయించాలి. గమ్యం చేరలేకపోవడం పరాజయం కాదు. యంత్రాన్ని మళ్ళీ నిర్మించుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తెచ్చుకోలేము. అదుపు చేతిలో ఉండగానే ఆగడం తెలిసినవాడే వివేకి.

ప్రశ్నలు

1. ఇంజను ఆగిపోవడం కంటే గేరుబాక్సు బిగుసుకుపోవడం ఎందుకు ప్రమాదకరం?
2. హెచ్చరిక తప్పయినా పైలట్ల నిర్ణయం సరైనదేనని రచయిత ఏ విధంగా సమర్థించారు?